నికాన్ డి90కి చవక లెన్సులు, సామాన్లు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

నికాన్ డి90కి ఉన్న లెన్సు ఊడదీసి మౌంట్ రింగు అంచు చూడండి. స్క్రూడ్రైవర్ మొనలాంటి చిన్న ఉక్కు ముక్క బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆటోఫోకస్ మోటారు కెమెరా లోపలే ఉందనడానికి అదే గుర్తు. 2008లో వచ్చిన ఈ కెమెరాని ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి మా లెక్కలో మొదటి కారణం ఆ ముక్కే. 12.3 మెగాపిక్సెళ్లు, 11 ఫోకస్ పాయింట్లు, సెకనుకు 4.5 ఫ్రేములు ఈ రోజున పెద్ద విశేషాలేమీ కావు. ఆ మోటారు ఉండబట్టి మాత్రం, చాలామందికి పనికిరాక పక్కనబెట్టిన మంచి లెన్సులు మీకు పనికొస్తాయి, అదీ తక్కువ ధరకే.

ఎందుకు తక్కువంటే, డి40, డి60లలోనూ, డి3000, డి5000 వరుసల్లోనూ ఆ మోటారు లేదు. వాటి మీద సొంత మోటారు లేని ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సు పెడితే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. జెడ్ మిర్రర్‌లెస్ కెమెరాలకి నికాన్ ఇచ్చే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటారు లేదు. అంటే మిర్రర్‌లెస్‌కి మారిన పెళ్లి ఫోటోగ్రాఫరు లోపలే మోటారు ఉన్న తన ఏఎఫ్-ఎస్ లెన్సులు ఉంచుకుని, డి లెన్సులు వదిలించుకోవాలనుకుంటాడు. కొనేవాళ్లలో చాలామంది కెమెరాలకి అవి ఫోకస్ కావు. అమ్మేవాళ్లు ఎక్కువై, కొనేవాళ్లు తగ్గినచోట బేరం మీ చేతిలో ఉంటుంది. డి90 ఉన్నవాళ్లు చూడాల్సింది అక్కడే.

ముందు వదిలేయాల్సినవి

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి దీన్నే ముందు చెప్పాలి. ఏఎఫ్-పి అని పేరులో ఉన్న లెన్సు ఏదీ డి90 మీద పనిచేయదు. డి3400, డి3500, డి5600 కిట్లతో వచ్చిన 18-55, 70-300 ఏఎఫ్-పి లెన్సులు కొత్తగా మెరుస్తూ, వీఆర్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు)తో, చవగ్గా మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి. మౌంట్ అదే కాబట్టి బాడీకి చక్కగా బిగుసుకుంటాయి కూడా. కానీ ఫోకస్ కదలదు. రింగు తిప్పినా ఫోకస్ మారదు, ఎందుకంటే ఆ రింగుకీ గాజుకీ మధ్య గేర్లు లేవు, రింగు తిప్పితే వెళ్లేది విద్యుత్ సంకేతం మాత్రమే. ఆ సంకేతం డి90కి అర్థం కాదు. లెన్సు గొట్టం మీద ఏఎఫ్, వీఆర్ స్విచ్‌లు రెండూ లేకుండా నున్నగా ఉన్న డీఎక్స్ (డి90 లాంటి చిన్న సెన్సర్ కెమెరాల) జూమ్ కనిపిస్తే, పేరు పూర్తిగా చదివిన తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.

రెండోది ‘ఈ’ (E) రకం లెన్సు. పేరులో ఎఫ్ అంకె పక్కన E అన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. 16-80 ఎఫ్/2.8-4ఈ, 200-500 ఎఫ్/5.6ఈ ఇలాంటివే. వీటిలో అపర్చర్‌ని (వెలుతురు లోపలికొచ్చే రంధ్రాన్ని) కెమెరాలోని మీట కాకుండా లెన్సులోని విద్యుదయస్కాంతం కదిలిస్తుంది. డి90కి దాన్ని నడిపే ఏర్పాటు లేదు, అపర్చర్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. పక్షుల కోసం 200-500 మీద కన్నేసినవాళ్లు అందుకు బాడీ కూడా మార్చుకోవాలి.

చేత్తో ఫోకస్ చేసే పాత ఏఐ, ఏఐ-ఎస్ రకం నికాన్ లెన్సులు డి90కి పడతాయి, ఫోటో వస్తుంది, కానీ వెలుతురు కొలిచే మీటర్ చచ్చిపోతుంది. మోడ్ డయల్ ఎం (మాన్యువల్)లో పెట్టి, షట్టర్ వేగం అంచనా వేసి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడల గ్రాఫు) చూసి సరిచేసుకోవాలి. వ్యూఫైండర్‌లో ఫోకస్ చుక్క మాత్రం ఎఫ్/5.6 లేదా అంతకన్నా వెలుతురున్న లెన్సులకి వెలుగుతుంది. తాపీగా తీసేవాళ్లకి ఇది ఇబ్బంది కాదు. 1977కి ముందు వచ్చిన, ఏఐకి మార్చని లెన్సులు మాత్రం బిగించనే వద్దు, మౌంట్ దగ్గరి మీట విరుగుతుంది.

ఇక ఎం42 స్క్రూ మౌంట్ లెన్సులు. వీడియోల్లో చూసి హీలియోస్ 44 అనే పాత రష్యన్ లెన్సు కొని, నికాన్ అడాప్టర్ తెప్పించుకుని నిరాశపడేవాళ్లు చాలామంది. మౌంట్ నుంచి సెన్సర్ దాకా నికాన్‌లో దూరం 46.5 మిల్లీమీటర్లు. ఎం42కి 45.46. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా వల్ల లెన్సు కావాల్సిన దానికన్నా ముందుకు జరిగి, దగ్గరి వస్తువులే ఫోకస్ అవుతాయి, దూరపు కొండ కాదు. మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ వాడితే దూరం దొరుకుతుంది, స్పష్టత పోతుంది. నికాన్‌కి నికాన్ మౌంట్ లెన్సులే కొనండి.

50ఎంఎం ఎఫ్/1.8డి

డి90కి మొదట కొనాల్సిన లెన్సు ఇదే. బరువు 155 గ్రాములు, ఫిల్టర్ 52ఎంఎం, దగ్గరి ఫోకస్ 45 సెంటీమీటర్లు. డీఎక్స్ సెన్సర్ మీద 75ఎంఎం చూపు వస్తుంది, ముఖాలకి సరిగ్గా సరిపోతుంది. ఎఫ్/1.8 దగ్గర కాంట్రాస్ట్ కొంచెం పలచగా ఉంటుంది, ఎఫ్/2.8కి వచ్చేసరికి గట్టిపడుతుంది, ఎఫ్/4లో డి90 సెన్సర్‌కి ఇంకేమీ అక్కర్లేదు. అపర్చర్‌ని మూసే ఏడు రెక్కలకి వంపు లేకపోవడం వల్ల వెనకాల దీపాలు ఎఫ్/2.8 దాటితే కోణాలు తేలి కనిపిస్తాయి. మెత్తటి నేపథ్యం ముఖ్యమైతే ఎఫ్/2, ఎఫ్/2.2 మధ్య ఉండండి. ముందు గాజు గొట్టం లోపలికి ఉంటుంది కాబట్టి హుడ్ లేకపోయినా నష్టం లేదు. మేడ్ ఇన్ చైనా అని కనిపిస్తే నకిలీ అనుకోవద్దు, నికాన్ అక్కడే చేయించింది. మంచి కండిషన్‌లో ఉన్నదానికి ఐదు వేల దాకా పెట్టొచ్చని మా అభిప్రాయం. ఏడు అడిగితే వదిలి ఇంకోటి వెతకండి, ఇది అరుదైన వస్తువు కాదు.

దీనితో కొత్తవాళ్లకి వచ్చే మొదటి చిక్కు ఎఫ్ఈఈ. కెమెరా మీది చిన్న తెరలో ఆ మూడు అక్షరాలు మిణుకుమంటూ షట్టర్ పడదు. లెన్సు పాడు కాలేదు. అపర్చర్ రింగుని నారింజ రంగు 22 దగ్గరికి తిప్పి, పక్కనున్న చిన్న తాళం జరపండి. ఆ తర్వాత అపర్చర్ కెమెరా ముందు డయల్‌తో మారుతుంది. తాళం అరిగిపోయి రింగు తనంతట తనే కదులుతుంటే, పలచటి టేపు ముక్క చాలు. రింగు 22లో ఉన్నా ఎఫ్ఈఈ పోకపోతే బాడీ మౌంట్ అంచున ఉండే చిన్న మీట వంగిందని అర్థం. అది బాడీ రిపేరు. అలాంటి బాడీని ధర తగ్గించినా కొనవద్దు.

రెండో చిక్కు గేర్ల గురించి. డి లెన్సు మీద ఫోకస్ రింగు చేత్తో తిప్పే ముందు, లెన్సు పక్కన బాడీకి ఉన్న ఏఎఫ్/ఎం స్విచ్‌ని ఎంలో పెట్టాలి. ఏఎఫ్‌లో ఉండగా బలవంతంగా తిప్పితే మోటారు గేర్లు కొరుక్కుంటాయి. బాడీ కొనేటప్పుడు ఇదే స్విచ్‌తో పరీక్ష కూడా అయిపోతుంది. ఎంలో పెడితే ఆ ఉక్కు ముక్క లోపలికి పోవాలి, ఏఎఫ్‌లో పెడితే బయటికి రావాలి. ఏఎఫ్-ఎస్ కిట్ లెన్సుతో మాత్రమే చూపించి అమ్మేవాళ్ల దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి. బాడీ మోటారు పోయినా ఆ లెన్సుతో ఫోకస్ అవుతూనే ఉంటుంది, లోపం బయటపడదు.

గదిలో 50ఎంఎం ఇరుకుగా అనిపిస్తుంది. పిల్లలు, వంటిల్లు, పుట్టినరోజు బల్ల లాంటివాటికి 2009లో వచ్చిన ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35ఎంఎం ఎఫ్/1.8జి మేలు. 200 గ్రాములు, దగ్గరి ఫోకస్ 30 సెంటీమీటర్లు, ఫిల్టర్ 52ఎంఎం. తెరిచి వాడితే అంచులకి ఊదా, పచ్చ రంగులు అంటుతాయి, ఎఫ్/2.8లో తగ్గుతాయి. కాకపోతే ఇది మోటారు లేని కెమెరాలవాళ్లకీ కావాల్సిన లెన్సు కాబట్టి ధర దిగదు. 50డి, 35జిలలో ఒక్కటే కొనగలిగితే, ఎక్కువగా ఇంట్లో తీసేవాళ్లు 35కే వెళ్లండి. డి90లో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 1600 దాటితే నీడల్లో రంగు గింజలు తేలతాయి, రాత్రిపూట ఎఫ్/1.8 ఇచ్చే వెలుతురుకి ప్రత్యామ్నాయం లేదు.

జూమ్‌లలో బేరం ఉన్నవి

డి90తో కిట్‌గా వచ్చిన 18-105 వీఆర్ మంచి లెన్సే, మౌంట్ మాత్రం ప్లాస్టిక్. ఒకసారి కింద పడితే మౌంట్ రెక్కలు విరుగుతాయి. వెనక్కి తిప్పి ఆ రెక్కల మొదళ్లలో సన్న చీలిక ఉందేమో చూడండి. 2004లో డి70తో వచ్చిన 18-70 ఎఫ్/3.5-4.5జి దీనికన్నా చవక, మౌంట్ లోహం, ఏఎఫ్-ఎస్ మోటారు దానిలోనే ఉంది. వీఆర్ లేదు. పగటి ప్రయాణాలకి, గుళ్ల దగ్గర, ఊళ్ల దారుల్లో తీయడానికి 18-70 చాలు. రెండింటికీ ఫిల్టర్ 67ఎంఎం, హుడ్ హెచ్‌బీ-32, ఒకదాని సామాను ఇంకోదానికి పడుతుంది. వైడ్‌లో కెమెరా సొంత ఫ్లాష్ ఎత్తితే హుడ్ నీడ ఫోటో కింది అంచున పడుతుంది. ఫ్లాష్ వాడేటప్పుడు హుడ్ తీసేయండి.

ఎఫ్/2.8 జూమ్ కావాలనుకుంటే టామ్రాన్ 17-50 చూడండి. ఇందులో మూడు రకాలు తిరుగుతున్నాయి. మొదట వచ్చినదానిలో మోటారు లేదు, బాడీ మోటారుతో నడుస్తుంది. తర్వాతదానిలో మోటారు పెట్టారు. ఆ తర్వాత వీసీ (నికాన్ వీఆర్ లాంటిదే) ఉన్నది వచ్చింది. వీసీ లేనివాటికి ఫిల్టర్ 67ఎంఎం, వీసీదానికి 72ఎంఎం, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. డి90కి మొదటిదే సరైనది. ఫ్రేము అంచు వరకూ స్పష్టత వీసీ లేనివాటిలోనే బాగుంటుంది, మోటారు లేదన్న కారణంతో దీని ధరా తక్కువే. బాడీ మోటారు చప్పుడు గట్టిగా వస్తుంది, పూజలో పక్కవాళ్లు తిరిగి చూస్తారు. టోకినా 11-16 ఎఫ్/2.8 మొదటి రకంలోనూ మోటారు లేదు, ఇళ్ల లోపలి ఫోటోలు, మండపాలు తీసేవాళ్లకి అది దొరికితే మంచి బేరం. బయట వెలుతురుకి ఎదురుగా పెడితే ఫ్లేర్ (ఫోటోలో వెలుగు మరకలు) ఎక్కువ, అది తెలిసే కొనాలి.

నికాన్ 28-105 ఎఫ్/3.5-4.5డి గురించి ఎక్కువమంది మాట్లాడరు. మాక్రో స్విచ్ జరిపితే 50 నుంచి 105ఎంఎం మధ్య వస్తువు అసలు సైజులో సగం దాకా సెన్సర్ మీద పడుతుంది. పూలు, నగలు, వంటకాలు తీసేవాళ్లకి మాక్రో లెన్సు ఖర్చు తప్పుతుంది. డీఎక్స్ మీద 42ఎంఎం చూపుతో మొదలవుతుంది కాబట్టి ఇది రెండో లెన్సుగానే పనికొస్తుంది.

దూరానికి మొదట 55-200 వీఆర్. తేలిక, చవక, ఫిల్టర్ 52ఎంఎం. 35, 50, 18-55లకీ ఇదే సైజు కాబట్టి ఒక్క పోలరైజర్‌తో అన్నీ గడుస్తాయి. 70-300 దగ్గర జాగ్రత్త. ఆ పేరుతో నికాన్ చాలా లెన్సులు చేసింది. ఏఎఫ్ 70-300 ఎఫ్/4-5.6జి అన్నిటికన్నా చవక, బాడీ మోటారుతో నడుస్తుంది, వీఆర్ లేదు, 200 దాటాక మెత్తబడుతుంది. పగటి ఎండలో 1/500 పైన తీస్తేనే పనికొస్తుంది. ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్ ఐఎఫ్-ఈడీ నిజంగా మంచిది, డి90కి పెద్ద జూమ్‌గా మేము సూచించేది అదే. దాని ఫిల్టర్ 67, చవకదానికి 62. ఏఎఫ్-పి 70-300 సంగతి పైనే చెప్పాం. ప్రకటనలో 70-300 నికాన్ అని మాత్రమే రాసి ఉంటే, గొట్టం మీది అక్షరాల ఫోటో అడిగి తెప్పించుకోండి.

ముఖాలు మాత్రమే తీసేవాళ్లకి 85ఎంఎం ఎఫ్/1.8డి, స్టేజీ కార్యక్రమాలకి 80-200 ఎఫ్/2.8డి. రెండోది కిలోకి పైనే బరువు, ట్రైపాడ్ కాలర్ ఉన్న రెండు రింగుల రకం తీసుకోండి. 35-70 ఎఫ్/2.8డి కూడా ఊరించే ధరకి దొరుకుతుంది గాని, లోపలి వెనక గాజు మీద పాలపొర పట్టే జబ్బు దానికి బాగా ఉంది. టార్చి లేకుండా అది కొనవద్దు.

కొనే ముందు పరీక్ష

వెనక మూత తీసి, అపర్చర్ మీటని వేలితో జరిపి రెక్కలు పూర్తిగా తెరవండి. ఫోన్ టార్చి వెనక నుంచి, నేరుగా కాకుండా ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సాలెపోగుల్లా పాకిన సన్న దారాలు బూజు. సమంగా పలచటి పొగలా ఉంటే పాలపొర, దీపాలకి ఎదురుగా తీసిన ప్రతి ఫోటో తెల్లబారుతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగుల మచ్చలుంటే అతికించిన రెండు గాజులు విడిపోతున్నాయి, దానికి రిపేరు లాభం లేదు. నాలుగైదు దుమ్ము రేణువులు లెక్కలోకి రావు, వాటిని చూపి బేరమాడండి చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న లెన్సులకి బూజు ఎక్కువ. పై పొరలో మొదలైన బూజు టెక్నీషియన్ తుడవగలడు. కోటింగ్‌ని తినేసినదైతే తుడిచాకా మచ్చ ఉంటుంది.

తర్వాత అపర్చర్ రెక్కల మీద నూనె. మన ఎండకి కారు డ్యాష్‌బోర్డులో పెట్టిన లెన్సులో ఫోకస్ గ్రీజు పలచబడి రెక్కల మీదికి పాకుతుంది. రెక్కలు మూసుకోవడం ఆలస్యమై ఫోటో తెల్లబోతుంది. కళ్లతో చూడటమే కాకుండా కెమెరాతోనే పట్టుకోవచ్చు. మోడ్ ఎం, ఎఫ్/11, 1/500, ఐఎస్ఓ స్థిరంగా పెట్టి, ఎండ పడిన గోడ మీద వరుసగా ఆరేడు ఫ్రేములు కొట్టండి. అన్నీ ఒకే వెలుతురులో ఉండాలి. ఒకటి రెండు తెల్లగా వస్తే రెక్కలు అంటుకుంటున్నాయి. ఈ పరీక్ష ఎంలోనే చేయాలి, ఎందుకంటే డి90 మ్యాట్రిక్స్ మీటరింగ్ (ఫ్రేమంతా చూసి వెలుతురు కొలిచే పద్ధతి) ఎండ-నీడ తేడా ఎక్కువున్నచోట తనంతట తనే కొంచెం ఎక్కువ వెలుతురు ఇస్తుంది, లెన్సు తప్పనుకుని మంచి లెన్సుని వదులుకుంటారు. అలాంటి దృశ్యాలకి మైనస్ 0.3 నుంచి 0.7 దాకా ఎక్స్‌పోజర్ సవరణ పెట్టి తీయడం ఈ కెమెరాకి అలవాటు చేసుకోవాల్సిన పని.

మూడోది ఫోకస్. డి90లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ లేదు. డి7000లో ఉన్నట్టు మెనూలో సరిచేసుకునే వీలు లేదు కాబట్టి, ముందుకో వెనక్కో ఫోకస్ చేసే లెన్సు మీ బాడీతో ఎప్పటికీ అలాగే ఉంటుంది. కెమెరా ట్రైపాడ్ మీద, దినపత్రికని ఒకటిన్నర మీటరు దూరంలో 45 డిగ్రీల వాలుగా పెట్టి, ఎఫ్/1.8లో మధ్య పాయింట్‌తో ఒక హెడ్డింగు మీద ఫోకస్ చేయండి. మధ్య పాయింట్ ఒక్కటే క్రాస్ రకం (అడ్డ గీతల్నీ నిలువు గీతల్నీ పట్టేది), పరీక్ష దానితోనే చేయాలి. ప్రతి ఫ్రేముకీ మధ్య ఫోకస్ చెడగొట్టి మళ్లీ చేయించండి. ఐదింటిలో నాలుగు హెడ్డింగు మీదే పడితే చాలు. అన్నీ ఒకే వైపు జరిగితే, లైవ్ వ్యూలో పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేసి ఇంకో ఫ్రేము తీయండి. అది పదునుగా ఉంటే గాజు మంచిదే, పొంతన కుదరనిది ఈ లెన్సుకీ ఈ బాడీకీ. ఇంకో లెన్సు మీదా అదే జరుగుదల కనిపిస్తే తప్పు బాడీలో ఉంది.

వీఆర్ లెన్సుని ఊపితే లోపల టకటకమంటుంది, అది సహజం. షట్టర్ సగం నొక్కి పట్టుకుంటే వ్యూఫైండర్‌లో దృశ్యం నిలబడాలి. దూకుతున్నా, వణుకుతున్నా వద్దు.

బాడీ షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫోటోల లెక్క) కోసం అమ్మేవాడి మాట నమ్మనక్కర్లేదు. ఎడిట్ చేయని అసలు జేపెగ్ ఒకటి తీసుకుని ఎక్సిఫ్‌టూల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములో తెరిస్తే షట్టర్ కౌంట్ అన్న వరుసలో అంకె ఉంటుంది. నికాన్ ఈ షట్టర్‌ని లక్ష సార్లకి పరీక్షించింది. 40 వేల లోపు ఉంటే నిశ్చింత, లక్ష దాటినా పనిచేసేవి ఉన్నాయి గాని ధరలో అది కనిపించాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో ఈ వివరాలు చెరిగిపోతాయి, ఫైలుని డాక్యుమెంట్‌గా పంపమనండి.

బ్యాటరీ, కార్డు, ఫ్లాష్, మిగతావి

బ్యాటరీ ఈఎన్-ఈఎల్3ఈ, 7.4 వోల్టులు, 1500 ఎంఏహెచ్. చివర ‘ఈ’ (e) అక్షరం లేని పాత ఈఎన్-ఈఎల్3, 3ఏ రకాలు డి90లో నడవవు. సెటప్ మెనూలో బ్యాటరీ ఇన్ఫో తెరిస్తే బ్యాటరీ ఎంత పాతబడిందో చెప్పే అంకె 0 నుంచి 4 దాకా ఉంటుంది. 0 కొత్తది, 4 అయిపోయింది. నకలు బ్యాటరీల్లో ఈ అంకెని నమ్మలేం. ఒరిజినల్ పేరుతో అమ్మే నకిలీల కన్నా, సొంత పేరు మీద అమ్మే మంచి కంపెనీ బ్యాటరీ నయం. అసలుదే 1500 అయినప్పుడు, అదే సైజులో 2400 అని అచ్చేసినదాన్ని పక్కన పెట్టండి. కొత్త ఒరిజినల్‌తో సీఐపీఏ (జపాన్ కెమెరా కంపెనీల సంఘం) లెక్క ప్రకారం 850 ఫోటోలు వస్తాయి, మంచి నకలు అందులో మూడు వంతుల్లో రెండొంతులు ఇస్తే సంతోషించొచ్చు. ఉబ్బిన బ్యాటరీని గదిలోకి నొక్కి పెట్టవద్దు, ఇరుక్కుంటే తీయడం కష్టం.

మెమరీ కార్డు ఎస్‌డీహెచ్‌సీ, 32 జీబీ దాకా. 64 జీబీ ఎస్‌డీఎక్స్‌సీ కొని కార్డు చదవడం లేదని కెమెరాని తిట్టేవాళ్లున్నారు. క్లాస్ 10 చాలు, ఎక్కువ వేగం గల కార్డుకి డబ్బు పెట్టినా డి90 దాన్ని వాడుకోలేదు. 16 జీబీవి రెండు ఉంచుకోండి, ఒక్కోదానిలో వెయ్యికి పైగా రా (RAW) ఫోటోలు పడతాయి. మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వాడకండి, ఆ అడాప్టర్ కాంటాక్టులు వదులై కార్యక్రమం మధ్యలో ఎర్రర్ ఇస్తాయి.

ఫ్లాష్‌లో డి90కి ఒక గొప్ప సదుపాయం ఉంది. కెమెరా సొంత ఫ్లాష్‌ని మెనూలో కమాండర్ మోడ్‌లో పెడితే, పాత ఎస్‌బీ-600 లాంటి నికాన్ ఫ్లాష్‌ని వైరు, ట్రిగ్గర్ ఏదీ లేకుండా దూరం నుంచి వెలిగిస్తుంది, టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ని కెమెరానే కొలిచి పెట్టడం) సహా. గదిలో గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగుతో బాగా నడుస్తుంది. ఎండలో, లేదా ఫ్లాష్ ముందున్న సెన్సర్ కెమెరాకి కనపడకుండా ఉంటే తప్పిపోతుంది. అందుకే సెకండ్ హ్యాండ్ ఎస్‌బీ-600 చవగ్గా దొరికితే వదలకండి. బ్యాటరీ గది తెరిచి స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉందేమో చూడాలి, అది కారిన సెల్లుల తుప్పు. చేత్తో పవర్ పెట్టుకోగలిగితే గోడాక్స్ టీటీ600 చాలు. సింక్ వేగం (ఫ్లాష్‌తో వాడగల షట్టర్ వేగం) 1/200, అది దాటితే ఫ్రేములో నల్ల పట్టీ పడుతుంది. మామూలు ఆల్కలైన్ కాకుండా నాలుగు ఎన్‌ఐఎంహెచ్ (NiMH) రీచార్జబుల్ సెల్లులు వాడితే ఫ్లాష్ తొందరగా తిరిగి సిద్ధమవుతుంది. ఫిల్మ్ కాలపు పాత ఫ్లాష్‌ని హాట్ షూ మీద పెట్టవద్దు, వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజీ పంపి కెమెరా సర్క్యూట్‌ని కాలుస్తాయి.

రిమోట్ ఎంఎల్-ఎల్3, సీఆర్2025 సెల్లు. నకలైనా పనిచేస్తుంది. కెమెరా ముందు వైపు నుంచి నొక్కాలి, రిసీవర్ అటే ఉంది. నిమిషం గడిస్తే కెమెరా రిమోట్ కోసం ఎదురుచూడటం మానేస్తుంది, కస్టమ్ మెనూలో రిమోట్ ఆన్ డ్యూరేషన్ 15 నిమిషాలకి పెంచుకోండి. వైరు రిమోట్ కొంటే ఎంసీ-డీసీ2 రకం, నకలు పెట్టెల మీద దాన్ని ఎన్3 అని రాస్తారు.

మాక్రో మీద మోజు ఉండి డబ్బు లేనివాళ్లకి 52ఎంఎం రివర్స్ రింగు. 50డిని తలకిందులుగా బిగిస్తే వస్తువు దాదాపు అసలు సైజులో సెన్సర్ మీద పడుతుంది. ఇక్కడ డి లెన్సుకి అపర్చర్ రింగు ఉండటం కలిసొస్తుంది. తాళం తీసి ఎఫ్/8లో పెట్టుకోవచ్చు. రింగు లేని జి లెన్సు అయితే రెక్కలు పూర్తిగా మూసుకుని చీకటైపోతుంది. మోడ్ ఎం, మీటర్ ఉండదు, ఫోకస్ కోసం కెమెరానే ముందుకీ వెనక్కీ జరపాలి. కాంటాక్టులు లేని చవక ఎక్స్‌టెన్షన్ గొట్టాలకీ ఇదే నియమం.

డి90 పాతబడ్డాక బొటనవేలి దగ్గరి రబ్బరు ఉబ్బి ఊడుతుంది. దాన్ని చూపి ధర తగ్గించండి గాని భయపడకండి. రబ్బరు మెల్లగా లాగి, కింద అంటిన పాత జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు వైపులా అంటే పలచటి టేపుతో కొత్త రబ్బరు అతికించాలి. ఫెవిక్విక్ వాడితే గట్టిపడి పగులుతుంది, ఆవిరి తెల్లగా బాడీ మీద పడుతుంది. ఎంబీ-డి80 గ్రిప్ డి80కి చేసినదే, డి90కీ పడుతుంది. పెద్ద చేతులవాళ్లు తప్ప మిగతావాళ్లు దానికి పెట్టే డబ్బుతో ఇంకో బ్యాటరీ కొనుక్కోవచ్చు.

కొన్నవాటిని తోలు సంచిలో, బీరువాలో దాచవద్దు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, గాలిలో తేమ 60 శాతం దాటిన చోట బూజు మొదలవుతుంది. రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న హైగ్రోమీటర్, పావు కిలో నారింజ రంగు సిలికా జెల్ చాలు. ముల్లు 40, 50 మధ్య ఉండాలి, 30 కిందికి దింపితే గ్రీజు, రబ్బరు ఎండుతాయి. పూసలు ఆకుపచ్చకి తిరిగాక వంటకి వాడని పాత బాణలిలో సన్న సెగ మీద కలుపుతూ మళ్లీ నారింజకి వచ్చేదాకా వేడిచేసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. తీరంలో ఉన్నవాళ్లు వానాకాలంలో వారానికోసారి ముల్లు చూసుకోవాలి, లెన్సులని బయటికి తీసి గంటసేపైనా వాడాలి.